చూడమని రాశాను, చూడొద్దని అయింది

నిన్న సాయంత్రం ట్యూషన్‌కి రావాల్సిన పదో క్లాసు పిల్ల ఫోన్‌లో మెసేజ్ పెట్టింది: "మేడమ్, ఐ యామ్ ఇన్ ది వే." అయిదు నిమిషాల్లో వచ్చేస్తానని దాని ఉద్దేశం. రాసినదానికి అర్థం మాత్రం "నేను దారికి అడ్డంగా ఉన్నాను" అని.

వచ్చాక కూర్చోబెట్టి, 'ఇన్' ఎందుకు పెట్టావమ్మా అని అడిగాను. "బాటరె అంటాం కదా మేడమ్" అంది. వాళ్ళింట్లో ఒడియా మాట్లాడతారు. పక్కన కూర్చున్న తెలుగింటి అబ్బాయి, "నేనైనా అలాగే రాసుందును మేడమ్, దారిలో ఉన్నాను అంటాం కదా" అన్నాడు. బాట అన్న మాట ఇద్దరిదీ. తప్పు కూడా ఇద్దరిదీ ఒకటే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది ఒడ్డున ఉంటాం. నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. నా పుట్టిల్లు టెక్కలి దగ్గర పల్లెటూరు. 1991లో పెళ్ళయి, నౌపడా నుంచి చిన్న రైలెక్కి ఇక్కడికి వచ్చాను. అప్పటికి ఇది గంజాం జిల్లా. మరుసటి ఏడు అక్టోబరు 2న గజపతి జిల్లా అయింది. మా ఇంటి ముందు గదిలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. వచ్చే పిల్లల్లో సగం తెలుగిళ్ళవాళ్ళు, సగం ఒడియా ఇళ్ళవాళ్ళు. ఒకళ్ళ భాష ఒకళ్ళకి వచ్చు, కనీసం అర్థమవుతుంది. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకే గోతిలో పడతారు. పెద్ద మాటలతో వాళ్ళకి ఇబ్బంది లేదు. 'రెస్పాన్సిబిలిటీ' అన్న స్పెల్లింగు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇన్, ఆన్, ఎట్, టు, ఓవర్ అన్న చిన్న ముక్కల దగ్గరే తడబడతారు.

ఒడియా పిల్లలకి ఇది ఇంకా కష్టం. వాళ్ళ 'రె' ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది. 'ఘరె' అంటే ఇంట్లో. 'బాటరె' అంటే దారిలో. 'హాతరె' అంటే చేతిలో అని కావచ్చు, చేత్తో అని కూడా కావచ్చు. 'కలమరె లేఖ' అంటే కలంతో రాయి. అందుకే వాళ్ళు 'రైట్ ఇన్ పెన్' అని రాస్తే నేను కొట్టేసి ఊరుకోను. ఆ 'ఇన్' ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాకే దిద్దుతాను.

ఈ చిన్న ముక్కల మీద నాకింత పట్టుదల ఉండడానికి కారణం మా మావయ్యగారు.

ఆయన ఒక ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యారు. అయిదో క్లాసు దాకా చదువుకున్నారు. పెన్షన్‌లో ఆయనకి రావాల్సిన బాకీ కొంత ఆగిపోయింది. 1993లో, ఇంట్లో బి.ఎ. చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, "అమ్మా, ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టు" అన్నారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. అయినా డిగ్రీ ఉందన్న ధైర్యంతో రాశాను. ఆయన ఫైలుని ఒకసారి చూడమని అడగాలి. 'సీ' అంటే మరీ చిన్నపిల్లల మాటలా ఉంటుందనిపించింది. మా ఊళ్ళో రోడ్లు, కాలవలు చూసే ఉద్యోగిని ఓవర్సీరు అనేవాళ్ళు. ఓవర్సీరు పని చూసేవాడు. సీ అన్నా లుక్ అన్నా చూడడమే కదా అనుకున్నాను. అందంగా ఉంటుందని ఇలా రాశాను: "ఐ రిక్వెస్ట్ యు టు కైండ్లీ ఓవర్‌లుక్ మై కేస్."

మావయ్య ఆ కాగితం పట్టుకుని పొద్దున్నే బస్సెక్కి బరంపురం వెళ్ళారు. ఇచ్చి వచ్చారు. మూడు నెలలు ఎదురు చూసి మళ్ళీ వెళ్ళారు. అక్కడ ఒక తెలుగు గుమాస్తా గారు ఆ అర్జీ బయటికి తీసి, "బాబూ, ఇది ఎవరు రాశారు? నా సంగతి పట్టించుకోకుండా వదిలేయండి అని ఉంది ఇందులో" అన్నారట. పని ఆగడానికి నా అర్జీ కారణమో, మామూలు ఆలస్యమో నేను చెప్పలేను. ఆ మూడు నెలలు మాత్రం ఆ కాగితం ఆయన పేరుతో, ఆయన సంతకంతో, నన్ను వదిలేయండి అంటూ ఆ ఫైల్లో ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక నాకు చెప్పారు. నా మొహం చూసి, "బాధపడకమ్మా, ఒక్క మాట మార్చి మళ్ళీ రాసీ" అన్నారు. తరవాత ఆయనే కాసేపు ఆలోచించి అడిగారు: "చూడ్డం అన్న మాట అందులో ఉంది కదమ్మా? మరి చూడొద్దని ఎలగైపోయింది?"

నా దగ్గర జవాబు లేదు. 'లుక్ ఇన్‌టు' అని మార్చి రాసిచ్చాను. ఆ బాకీ తరవాత వచ్చింది కూడా. ఆయన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ట్యూషన్ మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా అందరిలాగే జాబితాలు ఇచ్చేదాన్ని. 'లుక్ ఆఫ్టర్' అంటే సంరక్షించు, 'లుక్ ఫర్' అంటే వెతుకు, 'లుక్ ఇన్‌టు' అంటే విచారించు. నలభై రాయించి, అప్పజెప్పమనేదాన్ని. శనివారం అప్పజెప్పి సోమవారానికి మరిచిపోయేవాళ్ళు. దారి చూపించింది ఒక ఒడియా పిల్లవాడు.

ఒకరోజు ట్యూషన్ జరుగుతుండగా మా పక్కింటి పిన్నిగారు వచ్చి, వాళ్ళ కోడలు కడుపుతో ఉందని చెప్పి, స్వీటు చేతిలో పెట్టి వెళ్ళారు. ఆవిడ వెళ్ళాక ఆ పిల్లాడు మెల్లిగా అడిగాడు: "మేడమ్, కడుపుతో ఉంది అంటే ఏటి? కడుపు అందరికీ ఉంటుంది కదా?"

మిగతా పిల్లలు నవ్వబోయారు. నేను నవ్వనివ్వలేదు. వాడు అడిగింది మా మావయ్య అడిగినటువంటి ప్రశ్న. కడుపు తెలుసు, తో తెలుసు, ఉంది తెలుసు. మూడూ కలిస్తే ఇంకో అర్థం వచ్చింది. అది ఎలా వచ్చింది?

బోర్డు మీద కడుపు అని రాసి, పక్కన ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వెళ్ళాం. కడుపుతో ఉంది అంటే గర్భవతి. అత్తగారు కోడల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంది అంటే ప్రేమగా చూసుకుంది. కడుపు మీద కొట్టాడు అంటే దెబ్బ తగిలింది పొట్టకి కాదు, బతుకుతెరువుకి. కడుపుకి అన్నమే తింటున్నావా అని ఎవరైనా అడిగితే అది తిట్టు. కడుపు మారలేదు. తో, లో, మీద, కి మారాయి, అంతే. తెలుగు పిల్లలే ఆశ్చర్యపోయారు. పుట్టినప్పటి నుంచి వాడుతున్నారు, ఎన్నడూ తిరిగి చూడలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి అదే. ముందు తెలుగులో చూడాలి, ఆ తరవాత ఇంగ్లీషుకి వెళ్ళాలి. ఇంగ్లీషు వాళ్ళు ఆ చిన్న ముక్కని మాటకి ముందు పెడతారు, అందుకే దాన్ని ప్రిపోజిషన్ అన్నారు. మనం వెనక తగిలిస్తాం. మనం చిన్నప్పుడు "డు ము వు లు ప్రథమా విభక్తి" అని వల్లించిన విభక్తులు ఈ పని చేసేవే. ఇక్కడ ఒడియా మీడియంలో చదివే తెలుగు పిల్లలకి ఆ వల్లింపు లేదు. కానీ వాళ్ళ నాలుక మీద అవన్నీ ఉన్నాయి.

నిన్నటి అమ్మాయికి కూడా దారితోనే చెప్పాను. దారిన పోయేవాడు అంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాడు. కుర్రాడు దారికి వచ్చాడు అంటే మాట వింటున్నాడు. దారిలో ఉన్నాడు అంటే నడుస్తున్నాడు, ఇంకా చేరలేదు. దారికి అడ్డంగా ఉన్నాడు అంటే జరగమనాలి. ఇప్పుడు ఇంగ్లీషు చూడు. 'ఆన్ ది వే' అన్నప్పుడు దారి నీ కాళ్ళ కింద సాగుతోంది. 'ఇన్ ది వే' అన్నప్పుడు దారి మధ్యలో నువ్వు పాతుకుపోయి ఉన్నావు, మిగతావాళ్ళు ఆగిపోయారు. 'బై ది వే' అంటే మన 'అన్నట్టు'. 'ఇన్ ఎ వే' అంటే ఒక రకంగా చూస్తే. ఆ అమ్మాయి నోట్సులో రోడ్డు బొమ్మ వేసి, మధ్యలో ఒక ఆవుని నిలబెట్టి, దాని కింద 'ఇన్ ది వే' అని రాసుకుంది. మా ఊరి బజారు తెలిసినవాళ్ళకి అంతకంటే మంచి బొమ్మ దొరకదు.

చేతికి సంబంధించినవి ఇంకా బాగా కుదురుతాయి. విశాఖలో ఒక హోటల్లో రిసెప్షన్‌లో చేస్తున్న నా పాత విద్యార్థి ఒకసారి రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఏదో గొడవ గురించి మేనేజరు పొద్దున 'ద మ్యాటర్ ఈజ్ ఇన్ హ్యాండ్' అన్నాడట, సాయంత్రం 'ఇట్ ఈజ్ అవుట్ ఆఫ్ హ్యాండ్' అన్నాడట. "పని అయిపోయి చేతిలోంచి వెళ్ళిపోయిందనుకుని, ఓకే సర్ వెరీ గుడ్ అన్నాను మేడమ్. ఆయన నా వైపు అదోలా చూశారు" అన్నాడు.

"చేయి దాటిపోయింది అంటే ఏటిరా?" అని అడిగాను. రెండు క్షణాలు మాట లేదు. తరవాత "అయ్యో" అన్నాడు.

ఆ రాత్రి ఫోన్‌లోనే మిగతావీ చెప్పాను. పరీక్షలు 'ఎట్ హ్యాండ్' అంటే దగ్గర పడ్డాయి. గదులు సర్దడానికి మనుషులు 'ఆన్ హ్యాండ్' ఉన్నారు అంటే పిలిస్తే పలికేలా అందుబాటులో ఉన్నారు. అదే 'ఆన్ మై హ్యాండ్స్' అంటే ఆ భారం నా నెత్తిన ఉంది. ఇక్కడ ఇంగ్లీషు వాళ్ళు చేతుల మీద పెట్టుకున్న బరువుని మనం నెత్తిన పెట్టుకుంటాం. 'హ్యాండ్ టు మౌత్' బతుకు అంటే మన రెక్కాడితే గాని డొక్కాడని బతుకు. వాడికి ఇప్పటికీ ఇవన్నీ గుర్తున్నాయి. జాబితా ఇచ్చుంటే గుర్తుండేవా? నేననుకోను.

ఇక మావయ్య ప్రశ్న. జవాబు దొరికేసరికి చాలా ఏళ్ళు పట్టింది. అదీ పుస్తకంలో దొరకలేదు. ఒక పిల్లాడి నోట్సు దిద్దుతూ, వాళ్ళ అమ్మతో నేనే అన్నాను: "వీడు పాఠం పైపైన చూసి వదిలేస్తున్నాడమ్మా, లోతుగా చూడడం లేదు." అని, అక్కడే ఆగిపోయాను. పైపైన చూడడం, లోతుగా చూడడం. ఓవర్, ఇన్‌టు. మావయ్య అడిగిన తేడా అంతా నా నోటి మాటలోనే ఉంది. చూపు ఒక వస్తువు లోపలికి దిగితే విచారణ. దాని పైనుంచి జారి అవతలికి పోతే, చూపు పడీ పడనట్టే. అందుకే చూడడం అన్న మాట ఉన్నా చూడకపోవడం అయింది. చూసీ చూడనట్టు ఊరుకోవడం అని మనం అనేదాంట్లో కూడా చూడడం రెండుసార్లు ఉంది కదా.

అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఉంటే ఆ సాయంత్రమే చెప్పేదాన్ని. ఆయనకి తప్పకుండా అర్థమయ్యేది.

ఓవర్ విషయంలో ఒక మెలిక మిగిలి ఉంది. ఓవర్సీరు మీద ఆధారపడి నేను తప్పు చేశానని చెప్పాను. ఓవర్సీరు ఎత్తున నిలబడి పని అంతా గమనించేవాడు, అక్కడ ఓవర్ అంటే పైనుంచి. ఓవర్‌లుక్‌లో ఓవర్ అంటే పైపైనుంచి. అదే ఓవర్‌ని వెనక్కి తీసుకెళ్ళి 'లుక్ ఓవర్' అంటే కాగితం ఒకసారి తిరగేసి చూడమని. ఆ రోజు నేను 'లుక్ ఓవర్' అని రాసినా ఆయన పని జరిగేది! ముక్క ముందుంటే ఒకటి, వెనకుంటే ఇంకొకటి. పెద్ద క్లాసుల పిల్లలకి ఇది తప్పకుండా చెబుతాను. ఉద్యోగాలకి అర్జీలు పెట్టుకునేది వాళ్ళే.

అన్నిటికీ తెలుగు సాయం రాదు, అది కూడా పిల్లలకి దాచను. 'ఆన్ ది ట్రైన్' అంటే రైలు పైకప్పు మీదా అని అడుగుతారు. రైల్లో, బస్సులో, కార్లో అన్నిటికీ మనకి 'లో' ఒక్కటే. వాళ్ళకి లేచి అటూ ఇటూ నడవగలిగిన బండి అయితే ఆన్, ముడుచుకుని కూర్చునే కారయితే ఇన్. 'ఆన్ ది హౌస్' అంటే ఇంటి మీద కాదు, హోటలు వాళ్ళే డబ్బు తీసుకోకుండా పెట్టేది. ఇలాంటివి గుర్తు పెట్టుకోవాల్సిందే. 'ఆన్ టైమ్', 'ఇన్ టైమ్' మాత్రం మా రైలుతో తేలిగ్గా చెప్పొచ్చు. గుణుపురం రైలు అనుకున్న నిమిషానికి వస్తే ఆన్ టైమ్. అది కదిలేలోపు మనం పరిగెత్తి అందుకుంటే ఇన్ టైమ్.

'ఎట్' గురించి ఒక్క మాట. "బంతి నాకు విసిరాడు", "బంతి నా మీదకి విసిరాడు" అన్నవాటికి తేడా పిల్లలందరికీ తెలుసు. మొదటిది ఆట, రెండోది గొడవ. 'త్రో టు', 'త్రో ఎట్' అంతే. 'షౌట్ టు' అంటే వినబడాలని గట్టిగా పిలవడం, 'షౌట్ ఎట్' అంటే మీద అరవడం. మనం 'మీద' అని కోపంగా అనే చోట వాళ్ళ 'ఎట్' చాలాసార్లు సరిపోతుంది. ఇది సూత్రం కాదు, ఊతం. ఈ ఒక్క ఊతంతో ఒక బ్యాచ్ మొత్తం ఆ ప్రశ్నలన్నీ సరిగ్గా రాశారు.

ఈ తిప్పలు మనకే అనుకోవద్దు. 1907 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఈ ఉత్తర జిల్లాల బడులకి ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు నేర్చుకుందామని చూస్తే పుస్తకంలో ఒక తెలుగు, జనం నోట ఇంకో తెలుగు. ఎందుకిలాగ అని ఆయన అడిగిన ప్రశ్న, ఇదే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి దాకా వచ్చింది. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని ఆయన ఎంత పోరాడారో అందరికీ తెలిసిందే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నాకు అంతకంటే దగ్గరగా అనిపించేది, ఈ చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషని ఆయన సవరల నోటినుంచి విని నేర్చుకున్న సంగతి. ఆ భాషకి అప్పుడు పుస్తకం లేదు. విని, అడిగి, మళ్ళీ విని వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని, ఒడియా పిల్లాడు అడిగిన తెలుగు ప్రశ్నతో ఇంగ్లీషు చెబుతున్నానంటే నాకు సంతోషంగా ఉంటుంది.

పోయినేడు ఇంకొకటి జరిగింది. బాగా చదివే అబ్బాయికే పరీక్షలో ఒక సబ్జెక్టు పోయింది. మూడు రోజులు ట్యూషన్‌కి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. వాడికి ఇంగ్లీషు మెసేజ్‌లంటే ఇష్టమని 'టేక్ హార్ట్' అని పెట్టాను, ధైర్యం తెచ్చుకో అని. చాలాసేపటికి జవాబు వచ్చింది: "ఎస్ మేడమ్, ఐ యామ్ టేకింగ్ టు హార్ట్."

చదివి నా గుండె గుభేలుమంది. 'టు' పడితే అది మనసులో పెట్టుకుని కుమిలిపోవడం. చిన్నవాడు, తెలియక రాసి ఉంటాడు. లేదా తెలిసే రాశాడేమో, ఎవరు చెప్పగలరు? 'బై హార్ట్' నేర్పిన రోజు నుంచీ వాడికి ఈ హార్ట్ మాటలంటే ఇష్టం. మనం నోటికొచ్చింది అంటాం, ఒడియా వాళ్ళు ముఖస్థ అంటారు, ఇద్దరిదీ నోరే, ఇంగ్లీషు వాళ్ళేమిటి మేడమ్ గుండెతో అంటారు అని క్లాసులో అడిగింది వాడే.

ఆ మెసేజ్‌ని దిద్దలేదు. చెప్పులు వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూసి తల దించుకున్నాడు. "ఏం పర్లేదు నాన్నా, గుండె దిటవు చేసుకో, మళ్ళీ రాద్దాం" అన్నాను. వాళ్ళమ్మ టీ పెట్టింది. ఆ రోజు మేము ఇంగ్లీషు మాట ఎత్తలేదు.